రక్షణ ఉత్తర్వు: తెచ్చుకోవడం ఒక ఎత్తు, అమలు చేయించుకోవడం ఒక ఎత్తు



"ఇంటి గుట్టు లంకకు చేటు" అని మనకొక సామెత ఉంది. ఇంటి విషయం వీధిలో పెట్టవద్దని దాని అర్థం. మంచి మాటే. కానీ ఇంట్లో దెబ్బలు తినే ఆడమనిషికి కూడా ఇదే సామెత చెప్పి నోరు మూయించడం మనకు అలవాటైపోయింది. నేనూ ఒకసారి ఆ పని చేశాను. అందుకే ఈనాటి ప్రసంగం.

నేను హోసూరు ప్రాంతంలో తెలుగు, తమిళం రెండు భాషల్లో పాఠం చెప్పే పంతులమ్మను. 2022 జూన్‌లో బడి తెరిచినప్పుడు మా ఏడో తరగతిలో ఒక అమ్మాయి ఇంటిపని చేసుకుని రావడం మానేసింది. నోటు పుస్తకం ఏదమ్మా అంటే తల వంచుకునేది. తల్లిని పిలిపించాను. ఆమె కుప్పం వైపు నుంచి ఈ పక్కకు కోడలుగా వచ్చిన మనిషి. మోచేతి మీద కమిలిన మచ్చ కనిపిస్తూనే ఉంది. "పుస్తకాలు ఆయన చించి పొయ్యిలో పెట్టినాడు టీచరమ్మా" అన్నది. నేనేం చెప్పానో తెలుసా? "పిల్లల మొహం చూసి సర్దుకోమ్మా" అన్నాను. ఆమె సరేనని వెళ్ళిపోయింది. మూడు వారాల తరువాత చేతికి కట్టుతో మళ్ళీ వచ్చింది. అప్పుడు గానీ నాకు బుద్ధి రాలేదు. ఆ తరువాత ఆమె వెంట తిరిగి నేను తెలుసుకున్న సంగతులే ఇప్పుడు మీకు మనవి చేస్తున్నాను.

గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టమని 2005లో పార్లమెంటు ఒక చట్టం చేసింది. అది 2006 అక్టోబరు 26 నుంచి అమలులో ఉంది. కొడితేనే హింస అని ఈ చట్టం అనలేదు. రోజూ అవమానించడం, బెదిరించడం, ఖర్చుకు డబ్బు ఇవ్వకపోవడం, ఆమె నగలు తీసుకుని అమ్మేయడం, ఇంట్లోంచి గెంటేయడం, ఇవన్నీ హింసే. ఇది భార్యకు మాత్రమే కాదు. తల్లి, అక్కచెల్లెళ్ళు, విధవ అయిన వదిన, ఒకే ఇంట్లో బంధుత్వంతో బతికే ఏ స్త్రీ అయినా ఈ చట్టం కింద కోర్టుకు వెళ్ళవచ్చు. ఎదుటివారు మగవారే కానక్కరలేదని 2016లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, కోడలు కాపురం చేసిన ఉమ్మడి ఇల్లయితే అక్కడ నివసించే హక్కు అడగవచ్చని 2020లో అదే కోర్టు చెప్పింది.

చాలామందికి ఒక భయం ఉంటుంది. "కోర్టుకు పోతే ఆయన్ను జైల్లో పెట్టేస్తారు, పిల్లలకు తండ్రి లేకుండా పోతాడు" అని. ఈ చట్టం కింద మొదట పెట్టే అర్జీ వల్ల ఎవరినీ జైలుకు పంపరు. ఆ అర్జీతో మనం అడిగేది ఒక ఉత్తర్వు. కొట్టవద్దు, దగ్గరికి రావద్దు, ఇంట్లోంచి తరమవద్దు, ఇంత డబ్బు ఇవ్వు అని కోర్టు ఆయనకు చెబుతుంది. ఆ మాట ఆయన వింటే కథ అంతటితో సరి. రక్షణ ఉత్తర్వును మీరితే మాత్రం అప్పుడది నేరం అవుతుంది. ఈ తేడా తెలియక ఎంతోమంది అసలు అర్జీయే పెట్టరు.

ఇక అర్జీ ఎలా పెట్టాలి? దారులు రెండున్నాయి. మొదటిది రక్షణ అధికారి. తమిళంలో "పాదుకాప్పు అలువలర్" అంటారు. మా తమిళనాడులో వీరు సాంఘిక సంక్షేమ శాఖ కింద పనిచేస్తారు. కర్ణాటకలో మహిళా శిశు అభివృద్ధి శాఖలో అడగాలి. ఏ జిల్లాలోనైనా కలెక్టరు కార్యాలయానికి వెళ్ళి గృహహింస చట్టం రక్షణ అధికారి ఎక్కడ అని అడిగితే గది చూపిస్తారు. జరిగినదంతా ఈ అధికారి ఒక నమూనా కాగితంలో రాసుకుని మేజిస్ట్రేటుకు పంపాలి, ఆ ప్రతి పోలీసు స్టేషనుకు కూడా పంపాలి. అది వారి విధి. ఉత్తర్వు వచ్చాక ఆ విధి కారణం లేకుండా నిర్వర్తించకపోతే శిక్ష కూడా ఉంది. రెండో దారి, మనమే వకీలును పెట్టుకుని నేరుగా మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేటు కోర్టులో అర్జీ వేసుకోవడం.

వకీలుకు ఇవ్వడానికి డబ్బేదీ అంటారేమో. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆడవారికి సంపాదన ఎంత ఉన్నా సరే ప్రభుత్వమే ఉచితంగా వకీలును ఇస్తుంది. తాలూకా కోర్టు ఆవరణలోనే న్యాయసేవల కమిటీ ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. ఆపదలో ఉన్న ఆడవారికి 181, అత్యవసరంగా పోలీసులు కావాలంటే 112. ఈ మూడు నంబర్లు గోడ మీద బొగ్గుతోనైనా రాసి పెట్టుకోండి.

మనలాంటి వాళ్ళకు, అంటే రాష్ట్రం సరిహద్దుకు రెండు వైపులా సంబంధాలు కలుపుకునే తెలుగు కుటుంబాలకు, ఈ చట్టంలో పెద్ద వెసులుబాటు ఒకటి ఉంది. మా హోసూరు కోడళ్ళు కుప్పం, కోలారు వైపు నుంచి వస్తారు. షోలాపురంలోని మన పద్మశాలీల ఇళ్ళకు తెలంగాణ నుంచి పిల్లలు వెళతారు. బరంపురానికి శ్రీకాకుళం నుంచి వెళతారు. దెబ్బలు తిన్న పిల్ల ఏడుస్తూ పుట్టింటికి చేరుతుంది. కేసు పెట్టాలంటే మళ్ళీ మొగుడి ఊరికే పోవాలా? అవసరం లేదు. ఆమె ఆ సమయంలో తాత్కాలికంగా తలదాచుకున్న ఊళ్ళోని మేజిస్ట్రేటు కోర్టులోనే అర్జీ పెట్టవచ్చు. అక్కడ ఇచ్చిన ఉత్తర్వు భారతదేశమంతటా చెల్లుతుంది. చట్టంలోని 27వ సెక్షను ఈ రెండు మాటలూ చెబుతున్నది. కుప్పం కోర్టు ఉత్తర్వు హోసూరులో చెల్లదని ఎవరైనా అంటే నమ్మకండి.

భాష సంగతి కూడా చెప్పాలి. మా పక్క కింది కోర్టు పని తమిళంలోనో ఇంగ్లీషులోనో జరుగుతుంది. తెలుగు తప్ప చదవడం రాని మనిషి ఏ కాగితం మీద వేలిముద్ర వేస్తుందో ఆమెకే తెలియదు. రాజ్యాంగంలోని 350వ అధికరణం ప్రకారం తన కష్టం చెప్పుకునే విన్నపాన్ని ఏ అధికారికైనా ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఇచ్చుకునే హక్కు పౌరులకు ఉంది. కనుక రక్షణ అధికారికి ఇచ్చే విన్నపం తెలుగులో రాసి ఇవ్వండి. కోర్టు అర్జీని మాత్రం కోర్టు భాషలోనే వకీలు రాస్తారు. దాన్ని పూర్తిగా తెలుగులో చదివించుకుని, ఆ తరువాతే సంతకం పెట్టండి. మేం చేసిన పొరపాటు వినండి. ఆమె "బిందె" అని చెప్పిన మాటను రాసినవారు వెండి బిందె అనుకుని నగల జాబితాలో చేర్చారు. అది స్టీలు బిందె. అవతలి వకీలు ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె అంతా అబద్ధమే చెబుతోందని అర్ధగంట వాదించాడు.

ఇప్పుడు అర్జీలో ఏమేమి అడగాలో చూద్దాం. అడగనిది కోర్టు ఇవ్వడం అరుదు. 18వ సెక్షను కింద రక్షణ ఉత్తర్వు అడగాలి. కొట్టకూడదు, ఫోనులో గానీ మరే విధంగా గానీ వెంటపడకూడదు, ఆమె పనిచేసే చోటికి రాకూడదు, పిల్లల బడికి రాకూడదు, ఆమెకు ఆసరాగా నిలిచిన బంధువుల మీద చేయి చేసుకోకూడదు, నగలూ ఆస్తీ అమ్మకూడదు. బడి మాట చట్టంలోనే ఉందని నేను టీచరునై ఉండీ అంతవరకు ఎరగను. 19వ సెక్షను కింద ఇంట్లో ఉండే హక్కు, లేదా వేరే ఇంటికి అద్దె అడగాలి. స్త్రీధనం తిరిగి ఇప్పించమనీ, ఉత్తర్వు అమలుకు స్టేషను అధికారి సాయం చేయాలనీ ఇందులోనే అడగవచ్చు. 20వ సెక్షను కింద నెలనెలా ఖర్చు. మా పక్క జీవనాంశం అంటారు, ఆంధ్రలో మనోవర్తి అంటారు. 21వ సెక్షను కింద పిల్లలను తాత్కాలికంగా తన దగ్గర ఉంచుకునే ఉత్తర్వు. 22వ సెక్షను కింద నష్టపరిహారం.

మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లోపు వేయాలని, అక్కడి నుంచి అరవై రోజుల్లో అర్జీ తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతున్నది. నిజం చెప్పాలంటే చాలాచోట్ల అంతకంటే ఎక్కువ కాలమే పడుతున్నది. అందుకే 23వ సెక్షను ముఖ్యం. అర్జీతోపాటు ప్రమాణ పత్రం దాఖలు చేసి మధ్యంతర ఉత్తర్వు అడగాలి. అపాయం స్పష్టంగా ఉంటే అవతలివారు రాకముందే మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వవచ్చు. నోటీసు చేరడం దగ్గరే చాలా కేసులు ఆగిపోతాయి. కనుక ఆయన ఇంటి చిరునామా, పనిచేసే ఫ్యాక్టరీ పేరు, షిఫ్టు వేళ, ఫోను నంబరు అన్నీ రాసి ఇవ్వండి. నోటీసు అందించే బాధ్యత రక్షణ అధికారిదే.

సాక్ష్యం అంటే భయపడనక్కరలేదు. దెబ్బ తగిలినప్పుడు సర్కారు ఆస్పత్రికి వెళ్ళి డాక్టరుకు నిజం చెప్పండి. మెట్ల మీద జారిపడ్డానని చెప్పకండి. ఆ చీటీ దాచుకోండి. ఫోనులో వచ్చిన బెదిరింపులు చెరిపివేయకండి. ఒక చిన్న నోటు పుస్తకంలో తేదీ, వేళ, ఏం జరిగింది, ఎవరు చూశారు అని నాలుగు ముక్కలు రాసుకోండి. మా ఇంటి కథలో ఆ రాత ఆ పిల్లదే. తల్లి చెబుతూంటే వెనుక పేజీల్లో రాసి పెట్టింది. లెక్కల నోటుకన్నా శ్రద్ధగా రాసింది.

ఆమెకు అర్జీ పెట్టిన ఇరవై రోజులకు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. మేమంతా గట్టెక్కామని అనుకున్నాం. ఆమె ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి, ట్రంకుపెట్టెలో పెళ్ళిచీర కింద భద్రంగా దాచింది. రెండో నెలలో ఒక రాత్రి ఆయన తాగి వచ్చి తలుపు బాదాడు. ఆమె స్టేషనుకు ఫోను చేసింది. "మాకు కోర్టు నుంచి ఏ కాగితమూ రాలేదే, ఇది మొగుడూ పెళ్ళాల గొడవ, తెల్లారి రండి" అన్నారు అవతలివారు. తల్లీ పిల్లా ఆ రాత్రంతా తలుపుకు బీరువా అడ్డం పెట్టుకుని కూర్చున్నారు.

శ్రోతలారా, నా ప్రసంగంలో ఒక్క మాటే గుర్తుంచుకుంటారంటే ఈ మాట గుర్తుంచుకోండి. పెట్టెలో ఉన్న ఉత్తర్వు ఎవరినీ కాపాడదు. అది ఎవరి చేతిలో ఉండాలో వారి చేతిలో ఉండాలి. ఉత్తర్వు ప్రతులు ఇరుపక్షాలకూ, ఆ ప్రాంతపు పోలీసు స్టేషను అధికారికీ కోర్టు ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షను చెబుతున్నది. ఇచ్చారులే అని ఊరుకోకండి. మరునాడే మీరొక ప్రతి తీసుకుని స్టేషనుకు వెళ్ళి ఇచ్చి, మీ దగ్గరి ప్రతి మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ఒకటి రక్షణ అధికారికి, ఒకటి బడిలో హెడ్మాస్టరుకు, ఒకటి మీరు పనిచేసే చోట, ఒకటి నమ్మకమైన పక్కింటివారికి ఇవ్వండి. ఉత్తర్వు ఇంగ్లీషులో ఉండి స్టేషను పక్క రాష్ట్రంలో ఉంటే, అక్కడి భాషలో సారాంశం రాయించి జతచేయండి.

మేం మరునాడు ఉదయమే రక్షణ అధికారి దగ్గరికి వెళ్ళాం. ఉత్తర్వు మీరినప్పుడు ఆమె రాసి సంతకం పెట్టి ఇచ్చిన విన్నపాన్ని ఆ అధికారి మేజిస్ట్రేటుకు పంపాలి. నేరుగా కోర్టులో గానీ పోలీసులకు గానీ కూడా ఫిర్యాదు చేయవచ్చు. రక్షణ ఉత్తర్వును మీరితే, అది మధ్యంతర ఉత్తర్వైనా సరే, 31వ సెక్షను కింద ఏడాది వరకు జైలు, లేదా ఇరవై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వారంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయవచ్చు. బెయిలు కోర్టు ఇస్తేనే. బాధితురాలి ఒక్కదాని మాట మీదనే నేరం రుజువైందని కోర్టు భావించవచ్చని కూడా చట్టంలో ఉంది. "సాక్షులెవరున్నారు?" అని ఎవరైనా దబాయిస్తే ఈ సంగతి చెప్పండి.

నెల తిరగకుండానే ఆయన బడి గేటు దగ్గరికి వచ్చాడు. "నా బిడ్డను నేను తీసుకుపోతాను, అడగడానికి మీరెవరు?" అన్నాడు. అంతకుముందైతే మేమేం చేయగలం? తండ్రి కదా అని పంపేవాళ్ళమే. కానీ ఈసారి హెడ్మాస్టరు గారి సొరుగులో ఉత్తర్వు ఉంది. ఆయన తొణకకుండా "అయ్యా, కాగితంలో మీ పేరుంది, బడి పేరుంది" అని చదివి వినిపించారు. నేను స్టేషనుకు ఫోను చేశాను. ఈసారి వాళ్ళ దగ్గరా ప్రతి ఉంది, దాని మీద వాళ్ళ ముద్రే ఉంది. అరగంటలో వచ్చారు. కేసు కట్టారు. ఆయన కొన్నాళ్ళు రిమాండులో ఉండి, ఆమె జోలికి వెళ్ళకూడదన్న షరతు మీద బెయిలుపై వచ్చాడు. అప్పటి నుంచి ఆ గడప తొక్కలేదు.

డబ్బు ఉత్తర్వు అమలు వేరే పద్ధతి. నెల డబ్బు ఇవ్వకపోతే బాకీ పడిన ఏడాదిలోపు కోర్టుకు అర్జీ పెట్టుకోవాలి. నెలలు పోగుచేసుకుని కూర్చోకండి. వసూలుకు వారంటు ఇస్తారు. అప్పటికీ కట్టకపోతే జైలుకు పంపవచ్చు. జైలుకు పోయి వచ్చినంత మాత్రాన బాకీ తీరినట్టు కాదని 1989లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన జీతగాడైతే యజమానే జీతంలో పట్టి నేరుగా ఆమెకు కట్టేలా 20వ సెక్షను కింద ఉత్తర్వు అడగవచ్చు. ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తుల వివరాలు ప్రమాణ పత్రంలో రాసివ్వాలని 2020లో సుప్రీంకోర్టు నియమం పెట్టింది. కనుక మన పక్కనుంచి కూడా ఉన్నది ఉన్నట్టు రాయాలి. కుట్టుమిషను మీద వచ్చే సంపాదన దాచితే, దొరికినప్పుడు నమ్మకం పోతుంది.

మరొక హెచ్చరిక. కులపెద్దలు కూర్చుని స్టాంపు కాగితం మీద రాయించిన రాజీనామా కోర్టు ఉత్తర్వు కాదు. స్టేషనులో "ఇకమీదట కొట్టను" అని రాయించిన కాగితమూ కాదు. అవి మీరితే 31వ సెక్షను పట్టదు. పెద్దలు మంచి మాట చెబితే వినండి, కానీ వారి మాట మీద కోర్టు అర్జీని వాపసు తీసుకోకండి. ఒకవేళ ఆయన మారాడని నమ్మి మళ్ళీ కాపురానికి వెళ్ళినా, తుది రక్షణ ఉత్తర్వు దానంతటది రద్దు కాదు. చాలు, ఎత్తివేయండి అని ఆమే కోర్టును అడిగేవరకు అది అమలులోనే ఉంటుంది. పరిస్థితులు మారాయని ఆయన కూడా మార్పు కోరవచ్చు, ముప్పై రోజుల్లో సెషన్సు కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు. పై కోర్టు ఆపేదాకా మాత్రం దానికి కట్టుబడి ఉండవలసిందే.

పొలం గట్టు, ఇంటి గోడ తగాదాల్లో సివిలు కోర్టు ఇచ్చే ఇంజక్షను ఉత్తర్వుకు కూడా ఇదే సూత్రం. దాన్ని మీరినవారి ఆస్తి జప్తు చేయవచ్చు, మూడు నెలల వరకు సివిలు జైలులో ఉంచవచ్చు. కానీ మీరారని ఇచ్చిన కోర్టుకే మనం వెళ్ళి చెప్పుకోవాలి. కోర్టుకు దానంతట తెలియదు.

ఆ తల్లి ఇప్పుడు ఒక బట్టల దుకాణానికి జాకెట్లు కుట్టి ఇస్తోంది. జీవనాంశం ఇప్పటికీ నెలనెలా సరిగా రాదు. రెండుసార్లు వారంటు తీయించవలసి వచ్చింది. కష్టం పూర్తిగా తీరిందని నేను చెప్పను. కానీ రాత్రిపూట తలుపుకు బీరువా అడ్డం పెట్టడం లేదు. ఆ పిల్ల పుస్తకాలు పొయ్యిలోకి పోవడం లేదు.

నాతోటి ఉపాధ్యాయులకు చివరగా ఒక విన్నపం. ఇంటిపని చేయని పిల్లను బెంచీ ఎక్కించే ముందు ఒక్క నిమిషం పక్కకు పిలిచి అడగండి. తల్లి వచ్చి చెప్పుకుంటే, నాలా సర్దుకోమ్మా అని పంపకండి. రక్షణ అధికారి గది ఎక్కడుందో చెప్పి పంపండి. వీలైతే వెంట వెళ్ళండి.